ఇతరములు

పాతపట్నం దాటి కాస్త ముందుకొస్తే
రేటు మారిపోతుంది.
బండి అదే, గోతులవే,
లీటరు మీద ఏడు రూపాయలు మాత్రం
జేబులో మిగిలిపోతాయి.
అందుకే అటువైపు బళ్లన్నీ
పర్లాకిమిడి చేరేదాకా దాహం ఆపుకుంటాయి.

అక్కడ బంకు, ఇక్కడ పంపు.
మా మావ కిళ్లీ బంకు ఎత్తేసిన చోటే
ఈ పంపు లేచింది కనక
నాకు రెండూ బంకులే.

"జీరో చూడండి" అంటాను ఆంధ్రా నంబరుకి.
"జీరో దేఖంతు" అంటాను ఒడిశా నంబరుకి.
కొండ దిగొచ్చిన సవర కుర్రాళ్లకి ఏమీ అనక్కర్లేదు.
తూకాల దగ్గర తాతల నాటి నుంచి మోసపోయినవాళ్లు,
నా మొహం కన్నా ముందు
మీటరునే చూస్తారు.

నిరుడు కంపెనీ వాళ్లు
పంపు పక్కన గాజు కొట్టు కట్టారు.
దేశం మొత్తం మీద ఆరువందల నలభయ్యొకటోది.
కొట్టుతో పాటు ఒక బొమ్మ పంపారు,
ఏ అరలో ఏది ఉండాలో,
ఏ పొట్లం మొహం ఎటు తిరగాలో.
మూడో అరలో చీజు పాప్‌కార్న్.
"అది కళ్లెత్తు అర, అమ్ముడుపోయే అర"
అన్నాడు పాణిగ్రాహి బాబు.
ఎవరి కళ్లెత్తు?
గుమ్మా నుంచి జీడిపిక్కల మూటతో దిగిన
రైకా ముసలమ్మకి అది అటక.

రెండు నెలలు పాప్‌కార్న్ మీద దుమ్ము తుడిచాను.
రాత్రి లారీలోళ్లు అద్దం తోసుకొచ్చి
అన్నీ చూసి, చలిగాలి కాసేపు పీల్చి,
"మరమరాలు లేవేటమ్మా?" అని వెళ్లిపోయేవారు.
మూడో నెల
సునామణి బస్తాకి చోటిచ్చాను.
కింది అరలో, బొమ్మలో లేని చోట.
పక్కన ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, ఒక కత్తి.

ఆడిట్ కుర్రాడొచ్చాడు విశాఖ నుంచి.
బస్తా మీద గన్ను పెడితే అది కుయ్యిమనలేదు.
"దీని పేరేంటి?"
మరమరాలన్నాను నేను.
ముఢి అంది సునామణి.
డీజిలు కొట్టించుకుంటున్న ఆదిలాబాదు డ్రైవరు
తలుపులోంచి తల పెట్టి ముర్మురాలన్నాడు.
కుర్రాడిది మదనపల్లెట,
"బొరుగులే కదా" అని నాలిక్కరుచుకున్నాడు.
ఒక గుప్పెడు నోట్లో పోసుకున్నాడు కూడా.
యంత్రంలో గడి ఒక్కటే.
కాసేపు ఆలోచించి
"ఇతరములు" అని కొట్టాడు.

ఏడాది తిరిగేసరికి మా జోనులో
నూనెల తర్వాత ఎక్కువ అమ్ముడైనవి ఇతరములే.
భువనేశ్వర్లో మీటింగు పెట్టారట.
గోడ మీద గీతలు చూసి చప్పట్లు కొట్టారట.
ఇతరములను అన్ని కొట్లకీ విస్తరించాలని
తీర్మానమైందట.
పాణిగ్రాహి బాబు స్వీటు పంచాడు.

తొలకరిలో అట్టపెట్టెలు దిగాయి.
గాలి నింపిన సంచులు, మీద నెమలి,
"మీ ఊరి రుచి" అని అయిదు భాషల్లో.
చేసిన ఊరు మాత్రం చీమ తలంత అక్షరాల్లో,
పుణె దగ్గరెక్కడో.
వాటికి మూడో అర.
కింది అర ఖాళీగా ఉంచమన్నారు,
ఏదో ఫ్రిజ్ వస్తుందిట.

ఆ సాయంత్రం వానలో వచ్చింది సునామణి.
బస్తా రేకు కింద దించింది, లోపలికి తేలేదు.
నాకు మాట రాలేదు.
తనే అద్దంలోంచి చూసి అర్థం చేసుకుంది.
పది రూపాయలిచ్చి ఒక సంచి కొంది.
రసీదు కూడా అడిగి తీసుకుంది.
విప్పి, ఒకే ఒక్క గింజ పంటి కింద పెట్టి
చాలాసేపు నమిలింది.
"దీనికి ఇసక తెలీదమ్మీ" అంది.

మిగతావి పంపు కుక్కకి పోసింది.
అది వాసన చూసి మళ్లీ పడుకుంది.

బస్తా నెత్తికెత్తుకుని
ఆమె ఆంధ్రా వైపు తిరిగింది.
అక్కడ రోడ్డు వారన ఇంకో కంపెనీది లేస్తోంది,
అద్దాలు నిన్ననే లారీలోంచి దించారు.
"ఈ వానలో ఎక్కడికే" అని కేకేశాను.
వెనక్కి చూడకుండానే అంది:
"వాళ్లకింకా బొమ్మ రాలేదట."